పాత రేడియోల క్రోమ్ మెరుపు: మన సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన పని చాలావరకు ఒకే సమస్య చుట్టూ తిరిగింది. పాత రేడియోలు, టేప్ రికార్డర్ల మీద క్రోమ్ పూత వెలిసిపోతే ఏం చేయాలి? పాడైన కెపాసిటర్ మార్చి రేడియోను పాడించగల సభ్యులు మనలో చాలామందే ఉన్నారు. ఆ చేతులే మెరుపు పోయిన నాబ్ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతున్నాయి.

ఆదివారం సమావేశాల్లో ముందుగా సాధన చేసింది, చేతిలో ఉన్న భాగం దేనితో చేసిందో గుర్తుపట్టడం. అయస్కాంతం గట్టిగా పట్టుకుంటే లోపల ఉక్కు. పట్టుకోకపోయినా బరువు తెలుస్తుంటే ఇత్తడి కావచ్చు, జింకు పోత (కరిగించిన జింకును అచ్చులో పోసి చేసిన భాగం) కావచ్చు. తేలిగ్గా ఉంటే ప్లాస్టిక్. రోగం కూడా ఆ పదార్థాన్ని బట్టే ఉంటుంది. ఉక్కుకు తుప్పు, ఇత్తడికి చిలుము పడతాయి. జింకు పోత మీదైతే పూత పొక్కులు లేస్తుంది.

ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పాలి. ఒక సభ్యుడు తన తండ్రిగారి ట్రాన్సిస్టర్ నాబ్ తెచ్చారు. గుర్తుపట్టకుండానే ఇత్తడి సామాను తోమే పాలిష్ పెట్టి రుద్దాను. గుడ్డ నల్లబడింది, నాబ్ చుట్టూ ఉన్న వెండి వలయం పోయి కింద బోడి ప్లాస్టిక్ తేలింది. అది క్రోమ్ కాదు. శూన్యంలో ఆవిరి చేసి పట్టించిన అల్యూమినియం పొర, దాని మీద పలుచని పారదర్శక లక్కర్ పూత. పోయింది తిరిగి రాదు. ఆ సభ్యుడికి మరోసారి క్షమాపణ చెబుతున్నాను. అప్పటినుంచి ప్లాస్టిక్ భాగాలకు సబ్బునీళ్లు, మెత్తని గుడ్డ తప్ప మరేదీ వాడడం లేదు. అదీ వెనకవైపు అంచున ఒకసారి పరీక్షించాకే.

అసలైన క్రోమ్ పూత మందం సాధారణంగా అర మైక్రాన్‌కు మించదు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). దాని కింద నికెల్ పది, ఇరవై మైక్రాన్ల దాకా ఉంటుంది. మనం మురిసిపోయే మెరుపులో ఎక్కువ భాగం నికెల్‌దే, క్రోమ్ దానికి కాపలా. రోజూ బొటనవేలు ఆనే చోట చూడండి. నీలి ఛాయ పోయి లేత పసుపు ఛాయ కనిపిస్తుంది. అక్కడ క్రోమ్ అరిగి నికెల్ బయటపడిందన్నమాట. ఎంత తోమినా ఏ పాలిష్ కూడా దాన్ని తిరిగి తేలేదు.

ఉక్కు భాగాల మీద తుప్పు చుక్కలకు మాత్రం మంచి ఫలితం వచ్చింది. అల్యూమినియం రేకు ముక్కను నలిపి, నీళ్లలో ముంచి, నెమ్మదిగా రుద్దితే చాలు. క్రోమ్ కన్నా అల్యూమినియం చాలా మెత్తన కాబట్టి గీతలు పడవు. తరువాత బాగా ఆరబెట్టి మైనం పట్టించాలి. లేకపోతే పూతలోని సూదిమొన రంధ్రాల నుంచి తుప్పు మళ్లీ పైకి వస్తుంది.

కొత్తగా పూత వేయించడంపై కమిటీలో గట్టి చర్చే జరిగింది. పూతకు ముందు భాగాన్ని బఫింగ్ చక్రం (మెరుగు పెట్టే తిరుగుడు చక్రం) మీద అరగదీస్తారు. ఒక ముందు పలక పేరు బిళ్లపై ఉబ్బెత్తు అక్షరాల అంచులు అక్కడే కరిగిపోయాయి. బిళ్ల అద్దంలా వచ్చింది, పేరు మాత్రం సబ్బుబిళ్ల మీది అక్షరాల్లా మిగిలింది. అందుకే మేం నిర్ణయించింది ఇదీ: తుప్పును ఆపాలి, బొటనవేలి అరుగుదలను అలాగే ఉంచాలి, తుప్పు లోహాన్ని తినేసిన భాగాలకే పూత వేయించాలి.

ఇంట్లోనే పూత వేసుకోవడానికి క్రోమ్ ద్రావణం తొట్టి పెట్టుకుంటామన్న ఇద్దరు సభ్యులకు కమిటీ స్పష్టంగా వద్దని చెప్పింది. సంప్రదాయ తొట్టిలో ఉండే ఆరు వేలెన్సీ క్రోమియం (క్రోమియం విషపూరిత రూపం) మనుషులకు క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1990లోనే తేల్చింది. ఆ నీటిని వీధి కాలువలో పోయడం ఇరుగుపొరుగుకు చేసే అన్యాయం. ఈ విషయంలో సడలింపు ఉండదు.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. వచ్చే ఏడాది విడిభాగాల పెట్టె ఒకటి ఏర్పాటు చేస్తున్నాం. ఇక పాడదని తేలిన సెట్టు మీ ఇంట్లో ఉంటే పాత సామానుల వాళ్లకు వేసే ముందు నాబ్‌లు, అంచు పట్టీలు, యాంటెనా విప్పి, ఏ మోడల్‌వో చీటీ కట్టి తెచ్చి ఇవ్వండి.

మీ
కార్యదర్శి