వాట్లు కాదురా, రెక్కల వ్యాసం అడుగు

ఒరేయ్ రవీ,

నువ్వు పంపిన గాలిమర ప్రకటన చూశాను. అడ్వాన్స్ ఇవ్వలేదు కదా? ఇవ్వకు. పైన పెద్ద అక్షరాలతో 2 కిలోవాట్లు అని వేశాడు, కింద చీమతలకాయంత అక్షరాలతో రెక్కల వ్యాసం 1.2 మీటర్లని. ఆ రెండూ పొసగవు. సెకనుకు 12 మీటర్లు, అంటే గంటకు 43 కిలోమీటర్ల ఈదురుగాలి కొట్టినా, అంత చక్రంలోంచి పోయే గాలి మొత్తం శక్తే సుమారు 1,170 వాట్లు. అందులో 59 శాతానికి మించి ఏ మరా లాగలేదని బెట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త వందేళ్ల కిందటే లెక్కగట్టాడు. మరి మనవాడు 2 కిలోవాట్లు ఎక్కణ్నుంచి తెస్తాడు, మంత్రమేసా?

ఇంకో తిరకాసుంది. గాలి వేగం సగమైతే కరెంటు సగం కాదు, ఎనిమిదో వంతుకు పడిపోతుంది. రెండు మీటర్ల వ్యాసమున్న మంచి మర సెకనుకు 12 మీటర్ల గాలికి కిలోవాట్ ఇస్తుందనుకో, 4 మీటర్ల గాలికి ముప్ఫై వాట్లిస్తే గొప్ప. ఒక ఎల్‌ఈడీ ట్యూబ్‌లైటు, ఒక ఫోన్ చార్జింగ్, అంతే.

"ధర్మవరంలో గాలికేం కరువురా" అంటావు. నిజమే, ఆషాఢంలో మీ మేడ మీద ఆరేసిన బట్టలు పక్క వీధిలో దొరుకుతాయి. కానీ మన దగ్గరి రామగిరి గాలిమరలు కొండల మీద, ఎత్తైన స్తంభాల మీద ఉన్నాయి. నీ మేడ పక్కన చింతచెట్టు, వాటర్ ట్యాంకు, పక్కింటివాళ్ల రెండో అంతస్తు. వాటికి తగిలిన గాలి సుడి తిరుగుతుంది. మర తోక అటూ ఇటూ కొట్టుకోవడమే గానీ రెక్కలు నిలకడగా తిరగవు. పైగా ఆ వణుకు స్లాబులోంచి కింది గదికి దిగిందంటే అమ్మకు నిద్ర ఉండదు. చుట్టుపక్కల వంద మీటర్లలో ఉన్న చెట్టూ చేమా కన్నా పది మీటర్లు ఎత్తులో పెట్టాలి. అంటే స్తంభం, కాంక్రీటు పునాది, స్తంభాన్ని లాగి పట్టే స్టే వైర్లు. ఆ ఖర్చు ఒక్కోసారి మర ధరనే మించిపోతుంది.

నన్నడిగితే ముందు సోలార్ పెట్టించు. పీఎం సూర్యఘర్ అనే కేంద్ర పథకం కింద 3 కిలోవాట్లకు 78 వేల సబ్సిడీ ఉంది, పైగా అరిగే భాగాలుండవు. మర మీద మోజు తీరకపోతే చిన్నది చేలో పెట్టుకో, మబ్బు పట్టిన రోజుల్లో, రాత్రిళ్లు అక్కరకొస్తుంది. కొనేటప్పుడు గాలి ముదిరితే రెక్కలు పక్కకు తిరిగేలా తోక మడుచుకుంటుందా, ఆపడానికి బ్రేక్ స్విచ్ ఉందా, రెక్క విరిగితే విడిగా దొరుకుతుందా అని అడుగు. నీళ్లు నమిలితే లేచి వచ్చెయ్.

చేలో గుట్ట ఫొటోలు పంపు. అక్కణ్నుంచి షెడ్డు ఎంత దూరమో కూడా చెప్పు. 12 వోల్టులదైతే కేబుల్ పొడవు పెరిగేకొద్దీ మరింత కరెంటు దారిలోనే పోతుంది, ఆ లెక్క నేను చూస్తా. చెల్లెమ్మను అడిగానని చెప్పు.

నీ
శీను