ఛాసిస్ ఆర్డర్ పెట్టేముందు

చిట్టితల్లీ,

నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. 1931 ఫోర్డ్ మోడల్ ఏ కూపే, తలుపులు ఇప్పటికీ చప్పుడు లేకుండా మూసుకుంటున్నాయంటే బాడీ మంచిదే దొరికింది. కింద ఛాసిస్ సంగతి వేరు. వెనక క్రాస్ మెంబర్, అంటే ఛాసిస్‌కు అడ్డంగా ఉండే దూలం దగ్గర తుప్పు లోపలిదాకా తినేసింది. మధ్యలో ఎవరో గ్యాస్ కట్టర్‌తో కోసి మళ్లీ అతికించారు, ఆ అతుకు వంకర ఫొటోలోనే కనిపిస్తోంది. దాన్ని మార్చాల్సిందే. అక్కడిదాకా నీదీ నాదీ ఒకటే మాట.

మన పేచీ అంతా నీ ఫ్రెండ్ ఊరికే ఇస్తానంటున్న షెవర్లే ఎస్-10 పికప్ ఛాసిస్ గురించే. నీకు ఎందుకు ఆశ పుట్టిందో తెలుసు. ముందు ఒక్కో చక్రం విడివిడిగా ఎగిరిపడే ఇండిపెండెంట్ సస్పెన్షన్, డిస్క్ బ్రేకులు, పవర్ స్టీరింగ్, వెనక యాక్సిల్ అన్నీ దానితోనే వస్తాయి. స్పేర్ పార్టులకూ వెతుక్కోనక్కర్లేదు. పాత పికప్ బాడీ ఏదైనా దాని మీద పెడతానంటే నేనే తెచ్చుకోమనేవాణ్ణి. కానీ నీది హైబాయ్. మడ్‌గార్డులు ఉండవు, బాడీ ఛాసిస్ పైన కూర్చుంటుంది, కిందున్నదంతా రోడ్డు మీద వెళ్లేవాళ్లకు కనబడుతుంది. అక్కడ పికప్ కంట్రోల్ ఆర్మ్‌లు, అంటే చక్రాన్ని ఛాసిస్‌కు పట్టే చేతులు, బయటికి పొడుచుకొచ్చి ఉంటే ఎంత పెయింట్ వేసినా దాగవు.

చూపు సంగతి పక్కన పెట్టినా కొలతలు కుదరవు. మోడల్ ఏ వీల్‌బేస్, అంటే ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు దూరం, 103.5 అంగుళాలు. ఎస్-10లో అన్నిటికంటే పొట్టిదానికే 108.3. అంటే దాదాపు ఐదు అంగుళాలు ఎక్కువ. మధ్యలో కోసి పొట్టి చేస్తావనుకో, ఇక అది ఫ్యాక్టరీ ఛాసిస్ కాదు, నీ వెల్డింగ్ మీద నడిచే ఛాసిస్. దాని ఎత్తుపల్లాలు వేరు కాబట్టి కూపే ఫ్లోర్ కూడా కోయాలి. ఫ్లోర్ పైకి లేస్తే సీటు లేస్తుంది, సీటు లేస్తే తల కప్పుకు తగులుతుంది. నువ్వేమో టాప్ చాప్ చేసి, అంటే కప్పును కోసి ఎత్తు తగ్గించి, ఇంకా కిందికి దించుతానంటున్నావు! ఊరికే వచ్చిన ఛాసిస్ అలా ఒక్కొక్కటే కోయించుకుంటూ పోతుంది. చివరికి మిగిలిన మంచి బాడీ కూడా పాడవుతుంది.

అసలు ఛాసిస్ ఏదో తేల్చుకునే ముందు కారు ఎలా నిలబడాలో తేల్చుకో. నీకు కావలసిన సైజు టైర్లు, చక్రాలు తెచ్చి గ్యారేజ్ నేల మీద నిలబెట్టు. బాడీని స్టాండ్ల మీద ఎత్తి, ముందు ఎంత, వెనక ఎంత ఉండాలో కళ్లకు నచ్చేదాకా జరుపు. ఇంజన్ ఖాళీ బ్లాక్ దొరికితే దాన్నీ లోపల పెట్టు. నీ 350 షెవీ, అదే షెవర్లే వి8 ఇంజన్‌కు, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ వెనకవైపు ఉంటుంది, అది ఫైర్‌వాల్‌కు, అంటే ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడకు, కొట్టుకుంటుందో లేదో అప్పుడే తెలుస్తుంది. రేడియేటర్‌కు, ఫ్యాన్‌కు చోటు మిగులుతుందేమో కూడా చూడు. తర్వాత తాపీ పనివాళ్ల దారం గుండు తీసుకుని చక్రాల మధ్య బిందువులు, ఫైర్‌వాల్, తలుపు అంచులు అన్నీ నేల మీద గుర్తు పెట్టు. కొనాల్సిన ఛాసిస్ ఏదో ఆ గీతలే చెబుతాయి.

ఇక గట్టిదనం. పాత మోడల్ ఏ సైడ్ మెంబర్లు, అంటే ఛాసిస్‌కు రెండు పక్కలా ఉండే పొడవాటి దూలాలు, సి ఆకారంలో, ఒకవైపు తెరిచి ఉంటాయి. 40 హార్స్‌పవర్ ఇంజన్‌కు, ఆనాటి గతుకుల రోడ్లకు అది సరిపోయింది. ఛాసిస్ కాస్త మెలి తిరిగినా ఎవరికీ పట్టేది కాదు. 350ని మామూలుగా కట్టినా దానికి ఐదారు రెట్ల బలం వస్తుంది. యాక్సిలరేటర్ తొక్కిన ప్రతిసారీ ఆ మెలిక ఛాసిస్‌కు ఎక్కుతుంది, అక్కణ్ణుంచి తలుపు సందులకు, విండ్‌షీల్డ్‌కు పోతుంది. మూత తెరిచిన అట్టపెట్టెను చేత్తో మెలిపెట్టి చూడు, తర్వాత మూతకు టేప్ వేసి మళ్లీ మెలిపెట్టు, తేడా తెలుస్తుంది. సైడ్ మెంబర్ తెరిచిన వైపు ప్లేట్ వేసి మూయడాన్నే బాక్సింగ్ అంటారు. మెలికను తట్టుకునే శక్తి దానితో ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుకే మొత్తం బాక్సింగ్ చేసి, మధ్యలో బలమైన క్రాస్ మెంబర్ ఉన్న ఛాసిస్సే చూడు. ఇంట్లో నువ్వే ప్లేట్లు వేస్తానంటే కాదనను, కానీ ఛాసిస్‌ను కదలకుండా పట్టే జిగ్‌కు బిగించకుండా వెల్డింగ్ టార్చ్ పట్టుకోకు. ముందు చిన్న చిన్న చుక్కల్లా వెల్డింగ్ టాకాలు, తర్వాత ఇక్కడ కొంచెం అక్కడ కొంచెం, చల్లారనిస్తూ. ఒకే గీతలా లాగావంటే వేడికి ఛాసిస్ వంగిపోతుంది. మూల నుంచి మూలకు రెండు కర్ణాలూ ప్రతి దశలో కొలుస్తూ ఉండు.

నన్ను అడిగితే కొత్తగా తయారుచేసి అమ్మే 1932 ఫోర్డ్ తరహా ఛాసిస్ తీసుకోమంటాను. మడ్‌గార్డులు తీసేస్తే మోడల్ ఏ సొంత సైడ్ మెంబర్లు సన్నగా, బోసిగా కనబడతాయి. 1932 వాటికి పక్కన ఆ గీత ఉంది చూడు, బయటికి కనబడాలనే చేశారు వాటిని. కాలిఫోర్నియా ఎండిన సరస్సుల మీద పరుగులు పెట్టిన కుర్రాళ్లు మోడల్ ఏ బాడీని వాటి మీద ఎక్కించడం ఎన్నో దశాబ్దాల నాటి మాట, ఇప్పటికీ పాతబడలేదు. 1932 వీల్‌బేస్ 106 అంగుళాలు. ఆ రెండున్నర అంగుళాలు ముందుకు పెడితే నీ ఇంజన్‌కు చోటు కలిసొస్తుంది. ఒక్కటి మరిచిపోకు: నీ బాడీ ఫైర్‌వాల్ దగ్గర 1932 కంటే సన్నం. అందుకే మోడల్ ఏ బాడీ కోసం అక్కడ లోపలికి నొక్కిన సైడ్ మెంబర్లు విడిగా చేస్తారు. ఆర్డర్‌లో అవే కావాలని స్పష్టంగా రాయి. లేకపోతే బాడీ పక్కన మెట్టులా బయటికొచ్చి కూర్చుంటుంది.

ముందు భాగానికి ఫోర్డ్ మస్టాంగ్ 2 కారు తరహా ఇండిపెండెంట్ సస్పెన్షన్ వద్దు. అది మంచిదే, ర్యాక్ స్టీరింగ్‌తో హాయిగా నడుస్తుంది, కానీ మడ్‌గార్డులున్న కారుకే అందం. నీకు ఐ-బీమ్ యాక్సిల్, అంటే రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు, అడ్డంగా ఒక కమాను కట్ట చాలు. స్టీరింగ్‌కు షెవర్లే వేగా కారు తరహా బాక్స్ పెడితే, యాక్సిల్‌ను పక్కకు కదలకుండా ఛాసిస్‌కు పట్టి ఉంచే ప్యాన్‌హార్డ్ రాడ్ తప్పకుండా వేయించు. లేకపోతే కమాను వేలాడే షాకిళ్ల (కొక్కేల) మీద యాక్సిల్ పక్కకు ఊగుతుంది, నువ్వు తిప్పకుండానే కారు తిరుగుతున్నట్టు ఉంటుంది.

కాగితాల సంగతి డబ్బు కట్టకముందే చూసుకో. మోడల్ ఏ నంబర్ ఎడమ సైడ్ మెంబర్ పైన, బాడీ కింద కొట్టి ఉంటుంది. నీ టైటిల్‌లో, అంటే కారు యాజమాన్య పత్రంలో, ఉన్నది అదేనా, ఇంజన్ నంబర్ మారిందా, సరిపోల్చుకో. పాత నంబర్‌ను కొత్త ఛాసిస్ మీద నువ్వే కొట్టే ఆలోచన మాత్రం వద్దు, అది నేరం అవుతుంది. కొన్ని రాష్ట్రాల్లో కొత్త ఛాసిస్ అంటే కొత్తగా కూర్చిన బండి కింద లెక్క. కాలిఫోర్నియాలో అలాంటివాటికి పొగ నియమాల్లో సడలింపు ఇచ్చే సర్టిఫికెట్లు ఏడాదికి 500 మాత్రమే. మీ రాష్ట్రం ఏమంటుందో మోటార్ వాహనాల ఆఫీసులో అడిగి రాతపూర్వకంగా తెచ్చుకో. పాత ఛాసిస్ తుక్కు కింద అమ్మకు, ఆ పని పూర్తయ్యేదాకా గోడకు ఆనించి ఉంచు.

మీ అమ్మ ఇందాకటి నుంచీ దీనిలో ఏసీ ఉంటుందా అని అడుగుతోంది. ఏం చెప్పాలో నువ్వే చూసుకో.

నేల మీద గీతలు గీశాక వీల్‌బేస్, ఫైర్‌వాల్ దగ్గర వెడల్పు, ముందూ వెనకా ఛాసిస్ ఎత్తు, హబ్ నుంచి హబ్‌కు దూరం, ఈ నాలుగూ పంపు. ఎస్-10 ఇస్తానన్న అబ్బాయికి ఈలోగా అవుననీ కాదనీ చెప్పకు.

మీ నాన్న