శీనుగాడికి, ఆ నీలం చారల బీఎండబ్ల్యూ గురించి

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావు రా? చెల్లెమ్మ, పిల్లలు బాగున్నారా? మీవాడు నీడ్ ఫర్ స్పీడ్ హీట్ అనే కార్ల రేసు గేమ్ కథంతా ఆడేశాడనీ, చివర్లో వెండి రంగు మీద నీలం చారలున్న బీఎండబ్ల్యూ వాడి చేతికొచ్చిందనీ, అది చూసి నువ్వు కుర్చీలోంచి లేచి కేకేస్తే వాడు "ఏముంది డాడీ ఇందులో, పాత కారేగా" అన్నాడనీ రాశావు చూడు, దానికి వాట్సాప్‌లో నాలుగు నవ్వు బొమ్మలు పెట్టి ఊరుకోవడం నా వల్ల కాలేదు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం. తీరిగ్గా ఆదివారం చదువుకో.

అసలు వాడి తప్పేం లేదు రా. అన్నీ అయిపోయాక చేతిలో పెట్టిన కారు మీద ఎవరికైనా ఏం ప్రేమ ఉంటుంది? మనకి ఆ బీఎండబ్ల్యూ, అదే ఎం3 జీటీఆర్, అలా దొరకలేదు కదా. నీడ్ ఫర్ స్పీడ్ వరసలోనే పాత గేమ్ మోస్ట్ వాంటెడ్ 2005 నవంబర్‌లో వచ్చింది. మన హాస్టల్లో గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాడి రూమే అందరికీ అడ్డా, వాడు స్నానానికి వెళ్తే తప్ప మనకి కీబోర్డు దొరికేది కాదు. గేమ్ మొదలవ్వగానే ఆ కారు ఇచ్చేస్తారు, గుర్తుందా? గేమ్‌లోని రాక్‌పోర్ట్ ఊళ్ళో ఎవడూ మన దరిదాపుల్లోకి రాడు. గేరు మారినప్పుడల్లా ఆ సన్నటి కూత, స్పేస్ బార్ నొక్కితే వెనక భాగం తిరిగే తీరు, "ఇంత సులువా ఈ గేమ్" అనుకునే లోపే రేజర్ అనే విలన్‌తో రేసు. వాడు ముందే మన కారుని కెలికించి పెడతాడు, సగం దారిలో ఆయిల్ కారిపోయి ఇంజన్ చస్తుంది, కారు వాడి పాలవుతుంది, మనం పోలీసు సార్జెంట్ క్రాస్ చేతిలో బేడీలు వేయించుకుంటాం. విస్తట్లో బూరె వేసి, చెయ్యి పెట్టేలోపు లాగేసుకున్నట్టు. పైగా మనల్ని వదిలేసేది కూడా మంచితనంతో కాదు, కారు లేదు కాబట్టి సాక్ష్యం లేదని!

ఆ తర్వాత మన బతుకు ఒక పుంటోనో గోల్ఫో కొనుక్కుని, బ్లాక్‌లిస్టులో, అంటే ఊళ్ళో పదిహేనుమంది పేరుమోసిన రేసర్ల జాబితాలో, పదిహేనో వాడైన సానీ దగ్గర్నుంచి మొదలుపెట్టడం. ఒక్కొక్కడి మీద పోటీకి దిగాలంటే ఊరికే కుదరదు, ఇన్ని రేసులు గెలవాలి, పోలీసులతో ఇంత గొడవ పెట్టుకోవాలి, మన తల మీద ఇంత బౌంటీ (పట్టిస్తే ఇచ్చే వెల) పెరగాలి. మిగతా వాళ్ళ కార్లయితే అదృష్టం ఉంటే దక్కుతాయి. గెలిచాక కనబడే గుర్తుల్లో రెండు ఎంచుకోవాలి, దాని కింద పింక్ స్లిప్ (కారు యాజమాన్యం కాగితం) ఉంటే కారు మనదే. జీటీఆర్‌కి మాత్రం ఆ లాటరీ లేదు. అది లిస్టు పైన కూర్చుని ఉంటుంది, రేజర్ మన కారు నడిపే నంబర్ వన్ అయ్యాడు. చివరి రేసుల్లో వాడు దాన్నే తెస్తాడు చూడు, అక్కడ గేమ్ తీసినవాళ్ళకి దండం పెట్టాలి నిజంగా, ఎందుకంటే మొదటి పది నిమిషాల్లో మన చెవుల్లో మోగిన ఆ కూత ఇప్పుడు ముందున్నవాడి కారులోంచి వస్తుంటుంది. మన కారు వెనకే మనం పరిగెత్తాలి.

ఇంకో మాట. నిజంగా చూస్తే అప్పటికి మనకి దాని అవసరమే లేదు. గ్యారేజీలో గల్లార్డో, కరేరా జీటీ లాంటివి ఉంటాయి, వేగానికి లోటేం లేదు. అయినా మనం కష్టపడింది దాని కోసమే. ఇక అది ఇచ్చే సమయం చూడు. రేజర్‌ని ఓడించగానే, అంతదాకా మనకి సాయం చేసిన మియా అసలు పోలీసని తెలుస్తుంది, తాళాలు మన మీదికి విసురుతుంది, ఊరి పోలీసులంతా మీద పడతారు. పోలీసులు ఎంత గట్టిగా వెంటపడుతున్నారో చెప్పే హీట్ లెవెల్ అంతకుముందు ఎప్పుడూ చూడని ఆరుకి చేరుతుంది. అంటే ఆ కారు మన చేతికి ఎప్పుడొచ్చింది? దాని అవసరం అన్నిటికన్నా ఎక్కువున్నప్పుడు. విరిగిన వంతెన మీంచి దూకేది కూడా దాంతోనే. ఈ లెక్క ఆ తర్వాత వచ్చిన ఏ గేమ్‌కీ కుదరలేదని నా గట్టి నమ్మకం, నువ్వు కాదన్నా సరే.

అసలు కారు కథ చెప్తే మీవాడికి ఇంకా నచ్చుతుంది. మామూలు ఎం3లో ఉండేది 3.2 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్. 2001లో అమెరికన్ లె మాన్ సిరీస్ అనే రేసు పోటీల కోసం బీఎండబ్ల్యూ వాళ్ళు అందులో 4 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజన్) దించారు. ఇంక పోర్షే 911లకి చుక్కలే, ఆ ఏడాది జీటీ క్లాసు టైటిల్ యోర్గ్ ముల్లర్ పట్టుకెళ్ళాడు. "వీ8 ఉన్న ఎం3 షోరూంలో ఎక్కడుంది, మాకు చూపించండి" అని పోర్షే వాళ్ళు పేచీ పెట్టారు, న్యాయమైన ప్రశ్నే అనుకో. రోడ్డు మీద తిరిగే రకం కూడా చేస్తాం, ధర రెండున్నర లక్షల యూరోలు అని బీఎండబ్ల్యూ ప్రకటించింది గానీ చేసినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. 2002కి రూలు మార్చేశారు, 100 కార్లు, 1000 ఇంజన్లు తయారుచేస్తే తప్ప పోటీకి రానివ్వం అని. వీళ్ళు సర్దుకుని వెళ్ళిపోయారు. తర్వాత ష్నిట్జర్ అనే రేసు టీమ్ ఆ కార్లని జర్మనీలో నూర్‌బుర్గ్‌రింగ్ 24 గంటల రేసుకి తీసుకెళ్ళి 2004లో, 2005లో వరసగా గెలిచింది. అంటే మనం హాస్టల్లో దాని కోసం కొట్టుకునేటప్పటికే అసలు కారు కూడా ఒకచోట గెంటించుకుని ఇంకోచోట గెలిచి కూర్చుంది రా! గేమ్ కథ రాసినవాళ్ళు ఇదంతా చూసి రాశారని నేననను, కానీ ఎంత బాగా అతికిందో చూడు.

ఇక తర్వాతి గేముల సంగతి. 2006లో కార్బన్ వచ్చింది. పామాంట్ సిటీకి పోయే కొండ దారిలో మనం అదే కారులో ఉంటాం, వెనక క్రాస్, ఉద్యోగం ఊడి బౌంటీ హంటర్ అయ్యాడు పాపం. ముందు లారీలోంచి పైపులు జారిపడి, కారు నుజ్జయిపోతుంది. ఆరోజు నువ్వు రెండు గంటలు ఎవరితోనూ మాట్లాడలేదు! నాకైతే అది క్రూరంగా అనిపించినా మర్యాదగానే అనిపించింది. ఆ కారుకి ఒక విలువ ఉందని తెలుసు కాబట్టే దాన్ని పగలగొట్టి మన కడుపు మంట పెంచారు.

2012లో అదే మోస్ట్ వాంటెడ్ పేరుతో క్రైటీరియన్ వాళ్ళు ఇంకో గేమ్ తీశారు కదా, ఫెయిర్‌హేవెన్ ఊరు. అందులో కార్లు దాదాపు అన్నీ రోడ్డు పక్కనే ఆపి ఉంటాయి, పక్కకెళ్ళి ఆగితే చాలు, మనదే. పోనీ అది వాళ్ళ పద్ధతి. మన జీటీఆర్‌ని మాత్రం హీరోస్ ప్యాక్ అని డబ్బులు పెట్టి కొనుక్కునే మూటలో పెట్టారు, పాత గేముల్లోని డయాబ్లో, వాంక్విష్, 350జెడ్, 911 టర్బోలతో కలిపి. రేజర్ లేడు, మియా లేదు, కార్డు నంబరు కొడితే కారు వచ్చేస్తుంది. నేను కొనలేదు. ఒకడి దగ్గర ఆడి చూశాను, బాగానే పోతుంది, అంతే.

హీట్ అంతకన్నా చాలా నయం, 2019లో అది. కనీసం కథ పూర్తి చేస్తే ఇస్తుంది, మీవాడు రాత్రుళ్ళు పామ్ సిటీ పోలీసులతో పడే సంపాదించాడు. కానీ ఇచ్చేది అంతా అయిపోయాక రా. దాంతో తప్పించుకోవాల్సిన చివరి ఛేజ్ లేదు, తిరిగి గెలవాల్సినవాడు లేడు. వాడు "ఏముంది ఇందులో" అన్నది అందుకే, వాడు కరెక్టే. 2024 చివర్లో ఆ వరసలోనే అన్‌బౌండ్ అనే ఇంకో గేమ్‌లోకి కూడా తెచ్చారు, అదే సమయంలో నీడ్ ఫర్ స్పీడ్ ముప్ఫయ్యేళ్ళ పండగ అని మ్యూనిక్‌లో బీఎండబ్ల్యూ వాళ్ళు నిజమైన జీటీఆర్‌కి ఆ గేమ్ రంగులు వేసి జనం ముందు పెట్టారు. రేసు కారుని చూసి గేమ్ తయారైతే, ఇప్పుడు గేమ్‌ని చూసి రేసు కారుకి రంగు వేస్తున్నారు! నాకు అన్‌బౌండ్ కంటే ఈ వార్తే ఎక్కువ ఆనందం ఇచ్చింది.

కాబట్టి నా మాట విని వాడి చేత 2005 గేమ్ ఆడించు. నా దగ్గర డిస్కు ఉంది (ఇది కొన్నదే, హాస్టల్లోది కాదు, నవ్వకు), దసరాకి వచ్చినప్పుడు తీసుకెళ్ళు. కొత్త మానిటర్ మీద బొమ్మ సాగినట్టు కనబడుతుంది, దానికో వైడ్‌స్క్రీన్ ప్యాచ్ ఉంది, లింకు పంపిస్తాను. మొదటి కారుగా గోల్ఫ్ తీసుకోమను, లెక్సస్ చూడ్డానికి బాగుంటుంది గానీ మొదట్లో ఒళ్ళు వంగదు. నెట్‌లో పూర్తి చేసిన సేవ్ ఫైళ్ళు దొరుకుతాయి, వాటి జోలికి పోనివ్వకు, పోయాడో ఈ ఉత్తరమంతా దండగ. బ్లాక్‌లిస్టులో ఆరో వాడైన మింగ్ దాకా వచ్చాక నాకు ఒకసారి ఫోన్ చేయమను, వాడి గల్లార్డో పింక్ స్లిప్ ఏ గుర్తు కింద ఉంటుందో నా దగ్గర ఒక సిద్ధాంతం ఉంది. ఇంతవరకూ ఒక్కసారి కూడా నిజం కాలేదనుకో, అయినా చెప్తాను.

ఉంటాను రా,
నీ బాబ్జీ