నీ ఎఫ్10 గోల, ఆ బిగుసుకుపోయే స్క్రీన్ సంగతి

మామా,

ఎట్లున్నవ్ రా? నువ్వు ఫోన్‌లో చెప్తుంటే అమీర్‌పేట్ మెట్రోలో సగం మాటలు వినపడలే, అందుకే ఇంటికొచ్చి తీరిగ్గా రాస్తున్న.

నీ బాధ రెండు ముక్కల్లో ఇదే కదా, మిడ్‌నైట్ కమాండర్‌లోంచి (టెర్మినల్‌లో, అంటే కమాండ్లు కొట్టే విండోలో, ఫైళ్లు చూసుకునే ప్రోగ్రామ్) బయటికి రావాలని ఎఫ్10 నొక్కితే అది మూసుకోదు, పైన టెర్మినల్ మెనూ తెరుచుకుంటది. ఇంకోటి, మీ కాలేజ్ సర్వర్ మీద పని చేస్తుంటే ఉన్నట్టుండి స్క్రీన్ బిగుసుకుపోతది, ఏం కొట్టినా ఉలుకూ పలుకూ ఉండదు, నువ్వేమో విండో మూసేసి మళ్లీ లాగిన్ అవుతున్నవ్. ఇవి రెండూ వేరే వేరే చోట్ల పుట్టినయి రా, ఒక్క సెట్టింగ్‌తో పోవు.

చూడు, కీ నొక్కంగనే అది నేరుగా ప్రోగ్రామ్‌కి పోదు. ముందు డెస్క్‌టాప్ చూస్తది నాదేనా అని, ఉబుంటు లినక్స్‌లో కంట్రోల్ ఆల్ట్ టీ కొడితే టెర్మినల్ తెరుచుకునేది అక్కడ్నే. దానిది కాకపోతే టెర్మినల్ విండో చూస్తది, తర్వాత కెర్నెల్‌లో (సిస్టమ్ గుండెకాయలో) ఉండి టెర్మినల్‌కీ ప్రోగ్రామ్‌కీ మధ్య అక్షరాలు అందించే టీటీవై, ఆ తర్వాతే మన కమాండ్లు తీసుకునే బ్యాషో ఇంకోటో. పైనోడు పట్టుకుంటే కిందోడికి కబురు కూడా అందదు. కాబట్టి ముందు ఎవడు మింగిండో కనుక్కో. బ్యాష్‌లో కంట్రోల్ వీ నొక్కి వదిలి, ఆ వెంటనే ఎఫ్10 నొక్కు. ^[[21~ అని పడితే కీ కిందిదాకా వచ్చినట్టు, అది పడకుండా మెనూ తెరుచుకుందంటే టెర్మినలే తినేసినట్టు, నీ కేసు ఇదే.

దీనికి పాత కథ ఉంది. ఎఫ్10 అంటే బయటికి పోవడం అన్నది 1986లో వచ్చిన నార్టన్ కమాండర్ అనే పాత ఫైల్ ప్రోగ్రామ్ నాటి అలవాటు, 1994లో మొదలైన మిడ్‌నైట్ కమాండర్ దాన్నే పట్టుకుంది, నడుస్తున్న ప్రోగ్రాములు చూపించే హెచ్‌టాప్‌లో కూడా అంతే. కానీ 1987లో ఐబీఎం పెట్టిన నియమాల్లో ఎఫ్10 అంటే మెనూ, కిటికీలున్న ప్రోగ్రాములు చాలా వరకు ఆ దారిలో పోయినయి. ఇద్దరిదీ తప్పు లేదు, ఇద్దరూ ఒకే స్క్రీన్ మీద పడ్డరు, అంతే.

గ్నోమ్ టెర్మినల్‌లో ప్రిఫరెన్సెస్‌కి పోయి జనరల్‌లో మెనూ యాక్సిలరేటర్ కీ అని ఉంటది, ఆ టిక్ తీసెయ్. దాని పక్కనే నెమానిక్స్ (ఆల్ట్‌తో ఒక అక్షరం నొక్కి మెనూ తెరవడం) ఎనేబుల్ చేసేది ఉంటది, అదీ తీసెయ్, ఎందుకంటే మెనూబార్ కనపడుతున్నప్పుడు ఆల్ట్ బీ కొడితే కర్సర్ ఒక పదం వెనక్కి చక్కగా పోతది గానీ ఆల్ట్ ఎఫ్ కొడితే పదం ముందుకు పోకుండా ఫైల్ మెనూ ఊడిపడతది, పొడుగు కమాండ్ దిద్దుకునేటప్పుడు ఎంత చిరాకో నీకు తెలుసు. ఎక్స్‌ఎఫ్‌సీఈ టెర్మినల్ అయితే ఇవే అడ్వాన్స్‌డ్‌లో ఉంటయి, అక్కడ టిక్ పెడితే ఆగుతది, ఎఫ్1 హెల్ప్ కూడా అక్కడ్నే ఆపొచ్చు.

షార్ట్‌కట్స్ పేజీలో అన్నిటినీ ఒక్కదెబ్బకి ఆపే టిక్ కనిపిస్తది, దాని జోలికి మాత్రం పోకు. కంట్రోల్ షిఫ్ట్ సీ, వీ కూడా పోతయి, కాపీ పేస్ట్‌కి ప్రతిసారీ మౌస్ పట్టుకోవాల్సి వస్తది. అడ్డమొచ్చే లైన్ ఒక్కదాన్ని ఎంచుకొని బ్యాక్‌స్పేస్ కొట్టు, అదొక్కటే పోతది. ఆల్ట్ 1, ఆల్ట్ 2 అని ట్యాబులు మార్చేవి నువ్వు వాడకపోతే అట్లనే తీసెయ్, ఐఆర్‌సీ అనే చాట్ ప్రోగ్రాములకి ఆ కీలు కావాలి.

ఇంక ఆ బిగుసుకుపోయేది. సర్వర్ చచ్చిపోలేదు రా, నువ్వు కంట్రోల్ ఎస్ నొక్కుతున్నవ్! వర్డ్‌లో సేవ్ చేసే అలవాటు చేతికి ఉంటది కదా, టెర్మినల్‌లో కూడా చెయ్యి అటే పోతది. టీటీవై దృష్టిలో అది 19వ క్యారెక్టర్, అంటే ఆగు అని. టెలిటైప్ మెషిన్ల కాలంలో పేపర్ టేప్ చదవడం ఆపడానికి పెట్టిన సంకేతం, ఇప్పటికీ బతికే ఉంది. కంట్రోల్ క్యూ కొట్టు, 17వది, ఆగినదంతా గబగబా వచ్చేస్తది. విండో మాత్రం మూయకు, ఈ నాలుగు రోజులు నువ్వు సేవ్ చేయని పని పోగొట్టుకున్నది అట్లనే అని నాకు చాలా బాధైంది.

ఇది మళ్లీ రాకుండా చెయ్యాలంటే ఎస్ టీ టీ వై అని కొట్టి, స్పేస్ ఇచ్చి, మైనస్ పెట్టి దానికి ఆనించి ఐ ఎక్స్ ఓ ఎన్ అని రాయి. అదనంగా ఒక లాభం, కంట్రోల్ ఆర్‌తో పాత కమాండ్లు వెతుకుతూ దాటిపోతే కంట్రోల్ ఎస్‌తో మళ్లీ ముందుకు రావొచ్చు, బ్యాష్‌లో ఆ పని ఎప్పట్నుంచో ఉంది, టీటీవై దాన్ని చేరనియ్యడం లేదంతే.

నీ ల్యాప్‌టాప్‌లో రాస్తే సర్వర్ మీద పనిచెయ్యదు. ఎస్‌ఎస్‌హెచ్‌లో (దూరంగా ఉన్న సర్వర్‌లోకి లాగిన్ అయ్యే దారి) ఉన్నప్పుడు ఆ కీని పట్టుకునేది అవతలి టీటీవై కాబట్టి, ప్రతిసారీ కొట్టకుండా ఉండాలంటే ఆ లైన్ సర్వర్‌లోని నీ బ్యాష్ఆర్‌సీలో (బ్యాష్ మొదలైనప్పుడు చదివే సెట్టింగ్స్ ఫైల్) ఉండాలి. చివర్లో రాయి. ఉబుంటు ఇచ్చే ఫైల్‌లో ఎదురుగా మనిషి లేని సెషన్ అయితే మొదట్లోనే వెనక్కి పోయే లైన్లుంటయి, అవి దాటాక పెడితే ఫైళ్లు కాపీ చేసేటప్పుడు పిచ్చి ఎర్రర్లు రావు. రాసే ముందు ఆ ఫైల్‌కి ఒక కాపీ తీసి పెట్టుకో, సేవ్ చేసినంక పాత సెషన్ మూయకుండా పక్కన ఇంకోటి తెరిచి చూడు. ఏమన్నా తేడా కొడితే రాత్రి ఎంతైనా సరే ఫోన్ చెయ్.

ఉంట మరి, అమ్మని అడిగినట్టు చెప్పు.