చిన్న ట్రాక్టర్ల రీకాల్ విషయమై కేంద్ర రోడ్డు రవాణా శాఖ కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి చేర్చిన 110ఎ సెక్షన్, నడిపేవారికో దారిన పోయేవారికో హాని కలిగించే లోపమున్న వాహనాలను వెనక్కి పిలిపించమని తయారీదారును ఆదేశించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. ఆ చట్టం దృష్టిలో ట్రాక్టరూ మోటారు వాహనమే. అయినా రీకాల్ అనగానే కార్లు, మోటారు సైకిళ్లే గుర్తుకొస్తాయి గాని, పత్తి సాళ్లలోను, పండ్ల తోటల్లోను తిరిగే చిన్న ట్రాక్టరు గుర్తుకు రాదు.

ట్రాక్టరు వెనుక చక్రాలకు కుడి, ఎడమ బ్రేకు పెడళ్లు వేర్వేరుగా ఉంటాయి. చేలో మలుపు తిప్పుకోవడానికి అది సౌకర్యమే. రోడ్డెక్కినప్పుడు ఆ రెండింటినీ కలిపి ఉంచే గొళ్లెం తయారీలోనే బలహీనమైనదైతే, బ్రేకు ఒక పక్కనే పడి బండి బోల్తా కొట్టే ప్రమాదముంది. అటువంటప్పుడు డ్రైవరు నిర్లక్ష్యమని రాసి ముగించడం సులువు.

రీకాల్ ప్రకటించినా ఉత్తరం వెళ్లేది రికార్డుల్లో ఉన్న యజమానికే; పల్లెల్లో చేతులు మారిన బండ్లకు పేరు మార్పిడి తరచూ జరగదు. కాబట్టి లోపమున్న బండ్ల ఛాసిస్ నంబర్లను ఆంధ్రప్రదేశ్‌లో రైతు సేవా కేంద్రాల్లోను, తెలంగాణలో రైతు వేదికల్లోను తెలుగులో ప్రదర్శింపజేయాలని, మరమ్మతును దుక్కుల అదనులో కాక ముందే, వీలైతే ఊళ్లోనే చేయించాలని కోరుతున్నాను. రైతుల ఫిర్యాదులను అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థకు పంపి, అక్కడి నివేదికను 110ఎ కింద పరిశీలనకు స్వీకరించేలా ఉత్తర్వులు ఇప్పించగలరు.

భవదీయుడు,
ఒక చిన్న రైతు