స్కాట్లండ్ పాట వినాలంటే టికెట్ షోకి వెళ్లకండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలో ఎడిన్‌బరో మీద వచ్చిన యాత్రా వ్యాసం చదివాను. కోట గురించీ విస్కీ గురించీ బాగానే రాశారు. జానపద సంగీతం దగ్గరికొచ్చేసరికి మాత్రం, భోజనంతో కలిపి టికెట్ అమ్మే బ్యాగ్‌పైపుల షో చూసి వచ్చేయమన్నారు. నా అభ్యంతరం ఆ సలహా మీదే. ఇక్కడి పాట వినాలంటే మామూలు పబ్బుకి వెళ్లాలి.

పబ్బు అనగానే కొందరు మొహం చిట్లిస్తారని తెలుసు. నేనూ మందు ముట్టని దాన్నే. రిటైరయ్యాక ఇక్కడ అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఓల్డ్ టౌన్‌లో ఒక చిన్న పబ్బులో పాటలున్నాయని మా అల్లుడు రమ్మంటే వెళ్లాను. ఆరెంజ్ జ్యూస్ తెచ్చుకుని మూల బల్ల దగ్గర కూర్చుంటే ఎవరూ వింతగా చూడలేదు. 2006 మార్చి నుంచి స్కాట్లండ్ పబ్బుల లోపల పొగ తాగడం నిషేధం కాబట్టి సిగరెట్ కంపు కూడా లేదు.

స్టేజీ లేదు, మైకు లేదు. అంతవరకూ కబుర్లాడుతున్న ఒక పెద్దాయన గ్లాసు పక్కన పెట్టి, కళ్లు మూసుకుని పాట ఎత్తుకున్నాడు. వాయిద్యమేమీ లేదు, ఒట్టి గొంతే. రెండో చరణానికల్లా గది మొత్తం సద్దుమణిగింది. కౌంటర్ వెనకున్న అమ్మాయి గ్లాసులు కడగడం ఆపేసింది. పల్లవి రాగానే అందరూ అందుకున్నారు, ఇంట్లో కూనిరాగం కూడా తీయని మా అల్లుడితో సహా!

పాట అయ్యాక పక్కనున్నావిడ అర్థం చెప్పింది. అబర్డీన్‌షైర్ వైపు పొలాల్లో పెళ్లికాని పాలేర్లు ఉండే వసతిని బోతీ అంటారు. ఇది అక్కడి పాటట. వాళ్లు కూలి సంతల్లో ఆరేసి నెలలకు కుదిరేవారు. తిండి నాసిరకంగా ఉన్నా, అప్పగించిన గుర్రాలు బక్కచిక్కి ఉన్నా, గడువు తీరేదాకా భరించాల్సిందే. ఆ కడుపుమంటంతా పాట కట్టేవారు. చాలా పాటల్లో పొలం పేరు, రైతు పేరు కూడా దాచలేదు. పిసినారి యజమానికి ఇంతకంటే పెద్ద శిక్ష ఏముంటుంది? మనిషి పోయినా ఆయన పెట్టిన గంజి గురించి పబ్బుల్లో ఇంకా పాడుకుంటున్నారు.

తర్వాత ఒకామె పాడిన పాట వేరే రకం. కత్తికి నెత్తురెక్కడిదని తల్లి అడుగుతుంది, కొడుకు ఏదో జంతువుదని బొంకుతాడు, తల్లి నమ్మదు, మళ్లీ అడుగుతుంది. చివరికి తమ్ముణ్ణి చంపానని ఒప్పుకుంటాడు. ఏడుపు నటించకుండా, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎవరికో జరిగింది చెబుతున్నట్టు పాడింది. నాకు ఒళ్లు జలదరించింది. అబర్డీన్‌లో ఉండే జీనీ రాబర్ట్‌సన్ ఈ కథను గొప్పగా పాడేదట. ఆమెది ట్రావెలర్లనే సంచార జాతి. 1953లో హేమిష్ హెండర్సన్ వెతుక్కుంటూ వెళ్లి రికార్డు చేసేదాకా బయటి లోకానికి ఆమె తెలియదు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో 1951లో మొదలైన స్కూల్ ఆఫ్ స్కాటిష్ స్టడీస్‌లో పనిచేసిన పండితుడాయన. బ్లెయర్‌గౌరీ అనే ఊరి దగ్గర బెర్రీలు కోయడానికి వచ్చిన ట్రావెలర్ల గుడారాలకే టేపు రికార్డరు మోసుకెళ్లారు. ఊళ్లో ఉంటే విశ్వవిద్యాలయానికి దగ్గర్లోని శాండీ బెల్స్ అనే పబ్బే ఆయన అడ్డా. సేకరించిన పాట టేపులో ఉండిపోకుండా మళ్లీ జనం గొంతులోకి రావాలన్నది ఆయన పట్టుదల.

ఇక ఈ ఉత్తరం రాయడానికి రెండో కారణం. ఆ తల్లీకొడుకుల పాట సగంలో ఉండగా మనవాళ్లు ఒక గుంపు లోపలికొచ్చారు. ఫ్లాష్ వేసి వీడియో తీశారు, ఒకాయన వీడియో కాల్‌లో ఇంటివాళ్లకి గట్టిగా వివరాలు చెప్పడం మొదలెట్టాడు. పాడేవాళ్లు డబ్బు తీసుకున్న కళాకారులు కారు, పక్క బల్ల దగ్గర కూర్చున్న మనుషులు. అడక్కుండా వాళ్ల మొహం మీద లైటు వేస్తారా? ఆమె ఒక్క మాటా అనలేదు. నాకే తలెత్తుకోబుద్ధి కాలేదు.

వెళ్లాలనుకునేవాళ్లకి నాలుగు ముక్కలు. నేను చూసినచోట ప్రవేశానికి డబ్బు తీసుకోలేదు. అలాంటి చోట ఏదో ఒక డ్రింక్ కొనడం మర్యాద, జ్యూస్ అయినా సరే. కౌంటర్ దగ్గరికెళ్లి మనమే తెచ్చుకోవాలి, అదీ పాటకీ పాటకీ మధ్యలో. పిల్లల్ని రానిస్తారో లేదో ఒక్కో పబ్బు లైసెన్సును బట్టి ఉంటుంది కాబట్టి ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఏ రోజు పాటలు, ఏ రోజు ఫిడేలు వాయిద్యాలు అన్నది కూడా అప్పుడే అడగండి. రెండూ ఒకటి కాదు.

ఇంత దూరం రాలేనివాళ్లు టోబర్ ఆన్ డుఅల్‌చైస్ అనే వెబ్‌సైట్ చూడవచ్చు. స్కూల్ ఆఫ్ స్కాటిష్ స్టడీస్ వాళ్లు సేకరించిన పాత రికార్డింగులు వేలకొద్దీ అందులో ఉచితంగా వినొచ్చు. జీనీ రాబర్ట్‌సన్‌తో మొదలుపెట్టండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, ఎడిన్‌బరో