వాల్వ్ ఆంప్ బాగుచేసేటోడు వరంగల్‌ల లేడని ఎవరన్నరు?

ఎడిటర్ గారికి నమస్తే,

పోయిన ఆదివారం మీ పేపర్ జిల్లా పేజీల మన దగ్గర గిటార్ వాయించే పిల్లల గురించి వేసిన్రు, చదివిన, మంచిగనే రాసిన్రు, ఫోటోలు సుత మంచిగ పడ్డయి. కాని అండ్ల ఒక ముక్క నాకు అరగలే. వాల్వ్ ఆంప్లిఫయర్లు, అంటే గాజు బుగ్గలతోని గిటార్ సౌండ్ పెంచే డబ్బలు, పాతకాలంవి, సౌండ్ పడిపోయినా గుయ్యిమన్నా వరంగల్‌ల చూసేటోడు లేడు, హైదరాబాద్ మోసుకపోవాలె, లేకుంటే తూకానికి అమ్ముకోవాలె అని రాసిన్రు. గిది తప్పు. నేను రైల్వే సిగ్నల్ డిపార్ట్‌మెంట్‌ల చేసి కాజీపేటల రిటైరైనోన్ని, గిటార్ వాయించుడు నాకు రాదు గాని దాని ఆంప్‌తోని మాత్రం మొన్న మూడు నెలలు మస్తు తిప్పల పడ్డ, గందుకే రాస్తున్న.

మా చెల్లె కొడుకు ఆదివారం ఆదివారం ఫాతిమానగర్ దిక్కు చర్చిల గిటార్ వాయిస్తడు. బెంగళూరుల దోస్తు దగ్గర సెకండ్ హ్యాండ్‌ల ఒక 15 వాట్ల వాల్వ్ ఆంప్ కొన్నడు. ముంగట చిన్న వాల్వులు మూడు, 12ఏఎక్స్7 అంటరు వాటిని, యూరప్ పేరు ఈసీసీ83, రెండూ ఒకటే. ఎన్క పెద్దయి రెండు, ఈఎల్84లు. కొన్న ఆర్నెల్లకు రోగం మొదలైంది. వాయిస్తుంటే వాయిస్తుంటే ఒక్కసారే సౌండ్ సగానికి పడిపోతది, ఆంప్ నెత్తి మీద ఒక్కటి చరిస్తే మల్ల వస్తది. దానికి తోడు ఎప్పుడూ గుంయ్ అని ఒకటే మోత, పాస్టర్ గారు ప్రార్థన చేస్తున్నప్పుడు అది ఇంకా పెద్దగ ఇనవడ్తది, పిల్లగాడు సిగ్గుతోని స్విచ్ బంద్ చేస్తే మల్ల వాల్వులు వేడెక్కేదాంక పాట ఉండదు.

హైదరాబాద్‌ల ఒక దుకాణానికి తీస్కపోయినం. రెండు వారాలు పెట్టుకొని, సౌండ్‌ను స్పీకర్‌కు పంపే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోయింది, వాల్వులు మొత్తం సెట్ మార్చాలె, 18 వేలు అయితదన్నరు. మోసం అని నేను అంటలేను, ఏది పోయిందో ఎతుకుడు కంటే అన్నీ మార్చుడు వాళ్ళకు సులువు, గంతే. ఆంప్ కొన్నదే 22 వేలకు. ఇగ వాపస్ తెచ్చినం.

గప్పుడు మా ఇంటామె యాదిచేసింది, మన మర్ఫీ రేడియో బాగుచేసిన చాచా ఉన్నడు గద మండిబజార్‌ల, ఆయనకు సూపెట్టుండ్రి అని. నేను నవ్విన. రేడియో వేరు గిటార్ ఆంప్ వేరు అన్న. తప్పు నాదే, ఎందుకంటే గిటార్ ఆంప్ అంటే స్టేషన్ పట్టే భాగం తీసేసిన వాల్వ్ రేడియోనే. మా నాయిన వాల్వులను రేడియో బుగ్గలు అనేటోడు, చాచా సుత గట్లనే అంటడు. ఆయన దగ్గర బీఈఎల్, అంటే భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్ళు బెంగళూరుల చేసిన పాత బుగ్గలు ఇప్పటికీ డబ్బలల్ల ఉన్నయి, ఇప్పుడు కొత్తయి కావాల్నంటే రష్యా, చైనా, స్లొవేకియా నుంచి రావాలె.

చాచా మూత ఇప్పలే. నేను స్క్రూడ్రైవర్ అందిస్తే "అరె సాబ్, లోపలికి ఎందుకు ఉరుకుతున్రు, ముందుగాల బయట చూడుండ్రి" అన్నడు. గిటార్ వైరు మార్చిండు, వేరే గిటార్ పెట్టిచ్చిండు, రోగం అట్లనే ఉన్నది. ఆంప్ ఎన్కల ఎఫెక్ట్స్, అంటే సౌండ్‌ను మార్చే చిన్న డబ్బలు, కలుపుకోనికని రెండు రంధ్రాలు ఉంటయి, సెండ్ ఒకటి రిటర్న్ ఒకటి. మా పిల్లగాడు వాటిని ఎన్నడూ వాడలే. చాచా జానెడు వైరుకు రెండు దిక్కుల జాక్‌లు టాంకా (సోల్డర్) పెట్టి, దాన్ని సెండ్‌ల నుంచి రిటర్న్‌లకు గుచ్చిండు. "వాయించు బేటా" అన్నడు. పావుగంట వాయించిండు, ఒక్కసారి సుత సౌండ్ పడిపోలే.

సంగతేందంటే, ఆ రిటర్న్ జాక్‌ల ఏదీ గుచ్చకపోతే లోపల ఒక రేకు ఇంకో రేకును ముట్టుకొని ఉంటది, సౌండ్ అంతా ఆ ముట్టుకున్న సుక్కంత జాగల నుంచే పోతది. అయిదేండ్లు పదేండ్లు ఎవరూ ఏదీ గుచ్చకపోతే ఆ రేకుకు సిలుము పడ్తది. నెత్తిన చరిస్తే రేకు కదిలి మల్ల ముట్టుకుంటది. నాకు తలకాయ కొట్టేసినట్టయింది, ఎందుకంటే నేను ఉద్యోగం చేసినన్ని రోజులు చేసింది ఇదే పని, రిలే కాంటాక్టులు తుడుసుడు. ఆంప్ అనంగనే ఏదో పెద్ద విద్య అనుకొని బెదిరిన. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, జాక్‌ను ఒక ఇరవై సార్లు గుచ్చి తీసినం, అయిపోయింది. చాచా ఇంకో మాట చెప్పిండు, సౌండ్ ఒక్కసారే పడిపోతే కాంటాక్టో టాంకానో చూడాలె, మెల్లమెల్లగ దిగుకుంట పోతే వేడికి సంబంధించిందో బుగ్గ సంగతో చూడాలె. చప్పుడు ఏం లేకుంట ఏండ్ల పొంటి సౌండ్ సన్నబడితే చిన్న బుగ్గల కింద ఉండే 25 మైక్రోఫారడ్ కండెన్సర్లు ఎండిపోయినయా చూడాలె, మనిషికి చెవుడు వచ్చినట్టు అది ఎవరికీ ఎర్కనే కాదు.

ఇగ గుంయ్ మనే మోత. దీని దగ్గర చాచా చేసిన పని చూసి మా పిల్లగాడు నోరు తెరిచిండు. "బేటా, నీ గిటార్ మీద ఆ మోతకు కలిసే స్వరం ఎక్కడున్నది" అని అడిగిండు. పిల్లగాడు ఎతికి ఎతికి ఆరో తీగె మూడో ఫ్రెట్, అంటే గిటార్ మెడ మీది మూడో మెట్టు, దగ్గర ఆగిండు, జర అటుఇటుగ కలుస్తుంది మామా అన్నడు. అది జీ స్వరం, 98 హెర్ట్జ్. మన కరెంటు 50 హెర్ట్జ్, దాన్ని డయోడ్లు డీసీ చేసినప్పుడు అలలు సెకనుకు 100 అయితయి, అంటే ఆ మూడో ఫ్రెట్ పక్కనే. మోత అక్కడ కలిస్తే రోగం పవర్ దిక్కు ఉన్నది, అంటే ఆ అలలను సదును చేసే ఫిల్టర్ కండెన్సర్లు ఎండిపోయినయి, లేకపోతే పెద్ద బుగ్గల జోడి సమానంగ పనిచేస్తలేదు. దానికంటే ఒక స్థాయి కింద, మంద్రంల మోగితే అది 50, గిటార్ వైరో, ఎర్తో, బుగ్గలను వేడిచేసే 6.3 వోల్టుల లైనో చూడాలె. మీటర్ లేకుంట, చెవుతోని, గింత తేడా పట్టొచ్చని నాకు అప్పటిదాక తెల్వది.

వాల్యూం సున్నాకు తిప్పినా మోత పోలే, గిటార్ వైరు గుంజేసినా పోలే. అంటే వాల్యూం కంటే ముందున్న చిన్న బుగ్గల తప్పు కాదు, వాల్యూం దాటినంక ఉన్న రోగం. చాచా దుకాణంల లైటు బంద్ చేసి ఎన్క నుంచి వంగి చూసిండు. నాలుగు బుగ్గలల్ల సన్నగ ఎర్రటి వెలుగు ఉన్నది, ఒక ఈఎల్84ల లేదు. ఇద్దరు మోసే బరువును ఒక్కడు మోసినట్టు ఇంకొకటి ఒక్కతే మోస్తుంది. జోడి రెండూ ఉంటే కరెంటు అలలు ఒకదానికొకటి కొట్టేసుకుంటయి, ఒకటి పండుకుంటే అలలు సక్కగ స్పీకర్‌లకు పోతయి, గందుకే మోత ఎక్కువ, సౌండ్ సుత మొత్తం మీద జర తక్కువ. స్విచ్ బంద్ చేసి బుగ్గ సల్లారినంక గుంజితే బుగ్గ మంచిగనే ఉన్నది, సాకెట్‌ల రెండు పిన్నులు వదులైనయి! చాచా మూత ఇప్పిండు, లోపలి కరెంటు దించినంక సూదితోని పిన్నుల పట్టు బిగించిండు. మల్ల పెట్టినంక వెలిగింది. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఏమీ కాలే. మొత్తం 400 తీసుకున్నడు, చాయ్ మేమే తాగిపిచ్చినం.

ఇంక చిటపట, గరగర సంగతి ఉంటది. నాబ్ తిప్పితేనే గరగర వస్తే దుమ్ము, స్ప్రే కొడితే పోతది, స్ప్రే కొట్టినంక నెలకే మల్ల వస్తే మాత్రం దాని ముంగటి 0.022 మైక్రోఫారడ్ కండెన్సర్ డీసీని లీక్ చేస్తున్నట్టు. ఎవరూ ముట్టకున్నా కట్టెలు కాలినట్టు చిటపటమంటే ముందు చిన్న బుగ్గలను జాగలు మార్చి చూడాలె, మూడూ ఒకటే నంబర్ గద, చప్పుడు బుగ్గ ఎంబడి పోతే బుగ్గది తప్పు, అక్కడనే ఉంటే ఆ జాగల ఉన్న 100 కిలో ఓమ్స్ రెసిస్టర్‌ది. పెన్సిల్ ఎన్క రబ్బరుతోని బుగ్గను మెల్లగ తడితే స్పీకర్‌ల గంట కొట్టినట్టు ఖణేల్‌మంటే ఆ బుగ్గ మైక్ అయిపోయినట్టే, దాన్ని ఇన్‌పుట్ పక్కన ఉంచొద్దు.

సగం మోతలు ఆంప్‌ల కాదు, ఇండ్లల్లనే ఉంటయి. ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్ సగంల పెడితే బర్ర్ మంటది, ఫుల్లు పెట్టినా బంద్ చేసినా పోతది, మా ఇంట్ల నేనే చూసిన. గిటార్ పట్టుకొని అటు ఇటు తిరిగితే మోత మారుతుందంటే పికప్, అంటే తీగెల కింద సౌండ్ పట్టే అయస్కాంతం, గాలిల నుంచి పట్టుకుంటున్నట్టు. తీగెలు ముట్టుకుంటే మోత తగ్గితే భయం లేదు, ముట్టుకుంటే పెరిగితే ఎర్త్ చూపిచ్చుకోవాలె. ఎండకాలం మన దిక్కు ఎర్త్ గుంతలు ఎండి పెళ్ళలు పెళ్ళలు అయితయి, బొగ్గు ఉప్పు వేసి మర్సిపోతం, నీళ్ళు పోసేటోడే ఉండడు. పొద్దుమీకి కరెంటు 190 వోల్టులకు దిగితే వాల్వ్ ఆంప్ ఈడ్చినట్టే వాయిస్తది, అది రోగం కాదు, మన లైన్ గట్లున్నది, స్టెబిలైజర్ పెట్టుకోవాలె.

ఇక్కడ ఒకటి గట్టిగ చెప్పాలె, మీరు తీసేయకుంట వేయుండ్రి. పిల్లలు మోత పోవాలని మూడు పిన్నుల ప్లగ్‌ల ఎర్త్ పిన్ను విరగ్గొడ్తున్రు. మోత నిజంగనే తగ్గొచ్చు, కాని ఒక చెయ్యి తీగెల మీద ఉండి మూతి మైక్‌కు ఆనినప్పుడు సురుక్కుమంటది, ఒకనాడు సురుక్కుతోని ఆగదు. వినాయక చవితి స్టేజీల మీద తడి నేల, తడి కాళ్ళు, నేను రాయనవసరం లేదు. ఇంకా, వాల్వ్ ఆంప్‌ల లోపల 300 వోల్టుల పైన డీసీ ఉంటది, ప్లగ్ గుంజినంక సుత ఫిల్టర్ కండెన్సర్లల్ల చానాసేపు నిలుస్తది. చాచా యాభై ఏండ్ల సంది చేస్తున్నా ఎడమచెయ్యి జేబుల పెట్టుకొనే రెసిస్టర్ ఆనిచ్చి కరెంటును దించుతడు, మీటర్‌ల సున్నా చూసినంకనే పని మొదలు. ఇంట్ల యూట్యూబ్ చూసి మూత ఇప్పేటోళ్ళు బయటి పనులు అన్నీ చేసుకోవచ్చు, మూత దగ్గర ఆగాలె. స్పీకర్ వైరు ఊడగొట్టి ఆంప్ నడిపితే మాత్రం ఆ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ నిజంగనే కాలొచ్చు.

మీ రిపోర్టర్‌ను తప్పుబడ్తలేను, ఆయనకు చెప్పినోళ్ళు గట్ల చెప్పి ఉంటరు. కాని మండిబజార్ల, హన్మకొండ చౌరస్తా గల్లీలల్ల రేడియోలు బాగుచేసిన మనుషులు ఇంకా ఇద్దరు ముగ్గురు మిగిలిన్రు, వాళ్ళకు బేరాలు లేక చార్జర్లు అమ్ముకుంటున్రు, గిటార్ పిల్లలకేమో వాళ్ళు ఉన్నట్టే తెల్వదు. వచ్చే ఆదివారం ఒక చిన్న సవరణ వేస్తే చాలు. రిపోర్టర్ గారు వస్తనంటే నేనే తీస్కపోత, చాచా పొద్దుగాల పదకొండుకు షటర్ ఎత్తుతడు, శుక్రవారం మధ్యాహ్నం నమాజ్‌కు పోతడు, మూడు దాకా దొరకడు. వచ్చేటప్పుడు చెడిపోయిన రేడియో ఏదన్నా ఉంటే పట్టుకొస్తే ఆయన ఇంకా మంచిగ మాట్లాడ్తడు.

ఇట్లు,
రిటైర్డ్ రైల్వే సిగ్నల్ ఉద్యోగి,
కాజీపేట